ఇంకా సారు

రఘుపతి సారుకు ఒక్కటే జబ్బు. ఎవరన్నా ఆయన ముంగట "రాదు", "లేదు", "కాదు" అన్నరంటే చాలు, మధ్యల ఒక "ఇంకా" జొర్రగొడితే గానీ ఆయనకు అన్నం అరగదు. "నాకు ఈత రాదు సార్" అన్నరనుకో, "రాదు గాదు, ఇంకా రాలే అను" అంటడు. సూరత్ ఊర్ల గోడాదరా అనే బస్తీల, మా గల్లీల ఆయన అసలు పేరు పోస్టుమాన్‌కు తప్ప ఎవ్వరికీ యాదిలేదు. అందరికీ ఆయన ఇంకా సారే.

ఈ మాట ఆయనకు పుట్టుకతోని రాలే. తండ్రి సిరిసిల్ల నుంచి వచ్చి ఈ సూరత్‌ల మగ్గాలు నడిపినోడు. కొడుకు చదువుకొని, నది అవతల షావుకార్ల పిల్లలు పోయే ఇంటర్నేషనల్ స్కూల్ల పంతొమ్మిదేండ్లు చిన్న క్లాసులకు చెప్పిండు. ఆ స్కూల్ల పిల్లలను "నీకు రాదు" అనొద్దట. తప్పు లెక్క చేసినా ఎర్ర సిరా తోని కొట్టేయొద్దట. పక్కన "ఇంకా రాలే" అని రాసి, ఒక నవ్వు మొఖం బొమ్మ గీయాల్నట. యాభై ఎనిమిది నిండంగనే స్కూలోళ్లు ఒక శాలువ, ఒక కుండీల మొక్క చేతుల పెట్టి దండం పెట్టిండ్రు. శాలువ పెట్టెల పోయింది. మొక్కను మేక తిన్నది. మాట ఒక్కటే మిగిలింది. ఇరవైమంది పిల్లలకు పంచిన "ఇంకా"లన్నీ అప్పటిసంది ఒక్క గల్లీ మీద పడ్డయి.

గోడకు గోడ ఆనుకొని ఉండే పోశమ్మకు ముందుగాల తాకింది. ఆమె రక్తం పరీక్ష కాయితం ఊపుకుంట వచ్చి, "సార్, నాకు షుగర్ లేదట!" అన్నది.

"చాలా సంతోషం పోశమ్మా. ఇంకా లేదు."

వారం దినాలు పోశమ్మ చక్కెర లేని చాయ తాగింది. చక్కెర లేని చాయ తాగిన పోశమ్మ ముంగటికి పోయే ధైర్యం గల్లీల ఎవ్వరికీ లేకుండె.

సోమలింగం కథ వేరే. మెడల మాల, నొసట బొట్టు. పదిమందిల నిలబడి "నేను మందు ముట్ట సార్" అన్నడు. సారు ఆయన భుజం తట్టి, "బాగ చెప్పినవ్. ఇంకా ముట్టలే" అన్నడు. సోమలింగం పెండ్లాం రెండు దినాలు మొగని నోరు వాసన చూసినంకనే గంజి పోసింది.

అందరికంటే ఎక్కువ వినోద్‌కు పడ్డది. వాడు పనిజేసే కార్ఖానాల దారం కోన్లు పోయినయని పోలీసాయన గల్లీకి వచ్చిండు. వినోద్ చేతులు జోడించి, "సాబ్, మైనే చోరీ నహీ కియా" అంటుండు. అరుగు మీద పేపర్ చదువుతున్న సారు తల ఎత్తకుండనే, "అభీ తక్ నహీ కియా, ఐసా బోలో బేటా" అన్నడు. అంటే, ఇంకా చెయ్యలే అనుమని. పోలీసాయన వినోద్‌ను గంటసేపు కూసోబెట్టిండు. ఆఖరికి కోన్లు గోదాములనే దొరికినయి. వినోద్ నెల దినాలు సారుతోని మాట్లాడలే. "మాట్లాడడట సార్ మీతోని" అని పోశమ్మ చెప్తే, సారు ఏమన్నడో చెప్పే పని లేదు.

ఇగ సుమన ముచ్చట. ఆమె మొగడు బిక్షపతి మగ్గం కాడ పన్నెండు గంటలు నిలబడి నిలబడి మోకాళ్లు అరగదీసుకున్నడు. నిలబడే పని బంద్ చెయ్యమన్నడు డాక్టర్. బిక్షపతి చిన్నాయిన తన పాత ఆటో వీళ్లకు ఇస్తనన్నడు. "సుమనకు లైసెన్సు రానీయి, నడుపుకోమను. దసరా దాక చూస్త. గప్పటికి రాకపోతే వేరేటోనికి ఇచ్చేస్త" అని ఖరారు చేసిండు. ఆ ఆటో వస్తేనే ఆ ఇంట్ల పొయ్యి మీద కుండ.

లైసెన్సు పరీక్షల ఎనిమిది అంకె లెక్క గీసిన గీతల నడుమ ఆటో తిప్పాలె. సుమన ఒకసారి గీత దాటింది. రెండోసారి గీత పక్కకున్న డబ్బానే దాటింది. గల్లీ ఊకుంటదా?

"సుమనకు ఏడు దాకనే లెక్కలొచ్చు" అన్నది ఎదురింటి కనకవ్వ.

"ఏడు తర్వాత తొమ్మిదే గదా పిల్లా?" అని పోశమ్మ గూడ ఒక రాయి ఏసింది.

సుమన తలుపు పెట్టుకున్నది. "నాకు రాదు. మూడోసారి నేను పోను" అని లోపట నుంచే చెప్పింది. గల్లీ అంతా సారు దిక్కు చూసింది. సారు గొంతు సవరించుకున్నడు. ఇగ వస్తది ఆ మాట అనుకున్నరు. రాలే. సారు తలుపు కాడ నిలబడి, "సుమనా, నాకు గూడ ఆటో నేర్చుకోవాల్నని ఉంది బిడ్డా. నాకు ఏబీసీడీలు గూడ రావు. జర నేర్పుతవా?" అన్నడు.

సారు నోట్ల నుంచి "ఇంకా" లేకుండ "రావు" అన్న మాట వచ్చినందుకే పోశమ్మకు అనుమానం కొట్టింది. మనిషికి జరమొచ్చిందా అని నొసలు పట్టి చూసింది.

మర్నాటి నుంచి చిన్నాయిన ఆటోనే అడుక్కొచ్చి, గల్లీ వెనుక మైదానంల తమాష మొదలైంది. సారు క్లచ్చు అనుకొని హారన్ ఒత్తిండు. ఎడమకు తిప్పమంటే కుడికి పోయిండు. మూడో నాడు తిన్నగ పోయి కనకవ్వ మంచం మీద ఎండబోసిన మిరపకాయల్ల దిగబడ్డడు.

"సార్! బ్రేకు కాలుతోని, కాలుతోని!" అని సుమన తల కొట్టుకున్నది. "మీ స్కూల్ల పిల్లలే నయం."

"తప్పయింది టీచర్."

"టీచర్ గీచర్ గాదు, ముంగటికి చూడుండ్రి. గీత కాడ చక్రం చూడొద్దు, పోయే జాగ చూడాలె. ఇట్ల!" అని సుమన చేసి చూపిచ్చేది. ఆయన మళ్ల తప్పు చేసేటోడు. ఈమె మళ్ల చూపిచ్చేది. రోజుకు ఇరవై సార్లు ఎనిమిది గీసేది. గల్లీ గల్లీ సారును చూసి నవ్వవట్టింది. సుమన ఏడు, తొమ్మిది ముచ్చట ఎప్పుడు మరిచిండ్రో వాళ్లకే తెల్వదు.

దసరాకు తొమ్మిది దినాలుందనంగ మూడో పరీక్ష. పోశమ్మ "నేనొస్త" అన్నది. ఎందుకని ఎవరూ అడగలే, అడిగినా ఆగే మనిషి గాదు. బిక్షపతి చిన్నాయిన ఆటోను ఆఫీసు గేటు కాడ పెట్టి, సుమనను లోపటికి తోలుకపోయిండు, కాయితాలు ఇప్పిచ్చేటందుకు. సారు, పోశమ్మ బయట ఆటోల కూసొని, పక్క బండి చాయ తాగుతున్నరు.

అప్పుడే చీరల మూటలు నింపుకున్న టెంపో ఒకటి ఆఫీసు ముంగటి గల్లీల జొచ్చింది. వెనుక ఇంకొకటి. "ఏ కాకా, రిక్షా హటావో!" అని డ్రైవర్ లొల్లి. ముంగటికి పోయే తొవ్వ లేదు. వెనుకకు పోదామంటే, గోడకూ చాయ బండికీ నడుమ ఆటో పట్టేంతనే సందు.

పోశమ్మ దేవున్ని తలుచుకుంట దిగబోయింది. సారు ముంగటి సీట్లకు దుమికిండు. ఒక చేతుల చాయ గ్లాసు అట్లనే ఉంది. ఇంకో చేయి హ్యాండిల్ మీద. వెనుకకు తిరిగి ఒక్కసారి చూసిండు, అంతే. ఆటో పాములెక్క వెనుకకు జారి, చాయ బండికి బెత్తెడు దూరంల పోయి ఆగింది. గ్లాసుల చాయ ఒక్క చుక్క తొణకలే.

పోశమ్మ నోరు తెరిచింది. చానాసేపు మూయలే.

"సార్... మీకు నడుపుడు వచ్చు!"

"మెల్లగ పోశమ్మా."

"ఎప్పటిసంది?"

"డిగ్రీ, బీఎడ్ చదివే దినాల్ల నాలుగేండ్లు, లింబాయత్ నుంచి స్టేషన్ దాక షేర్ ఆటో నడిపిన. ఫీజులు గట్లనే కట్టిన."

"మరి మిరపకాయలు?"

"కనకవ్వకు అందుకే కిలో మిర్చి కొనిచ్చిన గదా."

"అట్లైతే ఆ పిల్లకు మీరే నేర్పొచ్చు గదా సార్! ఈ నాటకం ఎందుకు?"

సారు గ్లాసు కింద పెట్టిండు. "రెండుసార్లు తప్పినోళ్లకు మళ్ల ఇంకొకడు నేర్పవోతే, ఎవరూ వినరు పోశమ్మా. వాళ్లకంటే మొద్దోడు ఒకడు దొరకాలె. వానికి చెప్పుకుంట చెప్పుకుంట వాళ్లకే వస్తది. పంతొమ్మిదేండ్లు పిల్లల కాడ నేను నేర్చుకున్నది ఇదొక్కటే. సుమనకు మాత్రం చెప్పకు. తనంతట తాను వచ్చిందనుకోవాలె. నిజంగ తనకే వచ్చింది గూడ."

సుమన వచ్చి ఆటో తీసుకొని లోపటికి పోయింది. జాలీ కంచెకు మొఖాలు ఆనిచ్చి ఇద్దరూ చూసిండ్రు. మొదటి సున్న తిరిగింది. నడుమ కాడ ఆటో జర వంగింది. సారు పిడికిలి బిగబట్టిండు. సుమన చక్రం దిక్కు చూడలే, పోయే జాగ చూసింది. రెండో సున్న గూడ తిరిగింది. అధికారి తల ఊపి కాయితం మీద సంతకం పెట్టిండు.

సుమన టెంపోలు పోయిన తొవ్వల ఆటో ఆపి, ఉరికొచ్చి సారు కాళ్లు మొక్కవోయి, మధ్యల ఆగి, ఆయన మొఖం చూసింది. "సార్, మీరు రంది పెట్టుకోకుండ్రి. మీకు గూడ వస్తది. నేను ఇడువ మిమ్ముల. ఇప్పుడే ఒక్కసారి పట్టుండ్రి, ఈడ ఖాళీ జాగనే ఉంది."

సారు హ్యాండిల్ పట్టిండు. క్లచ్చు వదిలి, హారన్ గట్టిగ ఒత్తిండు. ఆటో రెండు ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయింది.

"దిగుండ్రి సార్, దిగుండ్రి! వెనుక కూసోని చూసుకుంట రాండ్రి!"

సారు తల వంచుకొని, బుద్ధిగ దిగి వెనుకకు వచ్చిండు. మొఖమంతా పండుగే. అప్పటికే వెనుక సీట్ల ఎక్కి కూసున్న పోశమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, జర జరిగి ఆయనకు జాగ ఇచ్చింది.