బొటనవేలు మాస్టారి శిష్యుణ్ని

నాకు ఇరవై ఏళ్లున్న ఆ రోజుల్లో ప్రపంచంలో నాకు తెలియని విషయమంటూ లేదు. గిటారు మీద మాత్రం రెండే పాటలు వచ్చు. ఆ రెండూ నేర్పింది రేపల్లెలో రైసుమిల్లు గుమాస్తా ఒకాయన. లావు తీగలను బొటనవేలితో నడిపిస్తూ, సన్న తీగల మీద మిగతా వేళ్లతో పాట పలికించేవాడు. గోడ అవతల నుంచి వింటే ఇద్దరు వాయిస్తున్నారనిపించేది. అందరూ బొటనవేలు మాస్టారు అనేవాళ్లు. ఆయన ప్రభావం ఎంతటిదంటే, వేమూరు నుంచి రేపల్లె దాకా చర్చి కుర్రాళ్లంతా తీగలు మీటడానికి కుడిచేతి గోళ్లు పెంచారు. (వాయించడం వచ్చినవాళ్లు తక్కువ. అన్నం కలుపుకోలేక అవస్థపడినవాళ్లే ఎక్కువ, నాతో సహా.)

మిల్లు మూతపడబోతోందని తెలిసిన సమయంలోనే, బాపట్లలో ఒక చర్చివాళ్లు తమ హాస్టలు పిల్లలకు గిటారు మాస్టారి కోసం వెతుకుతున్నారని ఆయన విన్నాడు. సర్టిఫికెట్లు లేవు. చూపించడానికి ఉన్నది నేనే.

"నువ్వు వాయించు చాలురా అబ్బాయ్. నేర్పిందెవరని వాళ్లే అడుగుతారు," అన్నాడు.

తెనాలిలో రైలు మారి వెళ్లాం. చర్చిలో ఆయన గిటారు తీగలు సరిచేసి నా చేతికిచ్చి, వెనక వరుసలో కూర్చున్నాడు. వాయించాను. పాస్టరుగారు మెచ్చుకుని, "ఎవరి దగ్గర నేర్చుకున్నావు బాబూ?" అన్నారు.

ఆ ఒక్క ప్రశ్న కోసమే మేం రెండు రైళ్లెక్కింది. నేను ముందు వరుసలో, చర్చి క్వయర్‌లో పాటలు పాడే అమ్మాయిల వైపు ఒకసారి చూసి, "ఎవరి దగ్గరా లేదండి. ఫోన్లో చూసి నేనే పట్టేశాను," అన్నాను. (అప్పటికి నాది బటన్ల ఫోను.)

పాస్టరుగారు ఎంతో సంతోషించారు. "అయితే మాస్టారెందుకండీ, హాస్టలుకో మంచి ఫోను కొంటే సరిపోతుంది," అన్నారు పక్కనున్న సంఘ పెద్దలతో. పెద్దలు తలలూపారు. మాస్టారు లేచి వచ్చి గిటారు సంచిలో పెట్టుకున్నాడు.

"ఈయనెవరు బాబూ?"

"మా ఊరాయనండి. తోడొచ్చాడు."

తిరుగు ప్రయాణంలో తెనాలిలో దిగాక మాస్టారు రెండు టీలు చెప్పాడు. ప్లాట్‌ఫారం మీద టీ తాగుతూ అన్నాడు: "నీ ఫోను బాగానే నేర్పిందిరా. ఉంగరపు వేలు ఒక్కటే ఇంకా తప్పు పడుతోంది. దానికి చెప్పు."

నిజం చెప్పే ధైర్యం నాకు నెల తర్వాత వచ్చింది. బాపట్ల వెళ్లేసరికి ఆ పాస్టరుగారు బదిలీ అయిపోయారు. హాస్టలుకు ఫోను వచ్చేసింది. మాస్టారు పిట్టలవానిపాలెంలో ఎరువుల కొట్లో బస్తాలు దింపించే పనికి కుదిరాడు.

ఇప్పుడు తెనాలిలో మా ఇంటికొచ్చినవాళ్లు నా గిటారు విని బాగుందంటే చాలు, మాస్టారి ఊరూ పేరూ, వేళ్ల వాటమూ, అన్నీ మొదలుపెడతాను. వాళ్లు మర్యాదకు ఊ కొడుతూ వాచీ చూసుకుంటారు. "ముందు వాళ్లని టిఫిన్ తిననివ్వండి," అంటుంది మా ఆవిడ. నిజమే. అడిగిన ఒక్కాయనకు తప్ప, అడగనివాళ్లందరికీ చెబుతున్నాను.