మైనస్ నాలుగు నిమిషాలు

లోవలక్ష్మి హ్యాండ్‌బ్యాగు ఎవరైనా పొరపాటున ఎత్తితే భుజం కిందికి జారిపోతుంది. అందులో రెండు స్పానర్లు, ఒక తెల్ల టేపు చుట్ట, డబ్బా నిండా కుళాయి వాషర్లు ఉంటాయి. వాటి మధ్యలో ఎవరో అన్నవరం వెళ్లొచ్చి ఇచ్చిన ప్రసాదం పొట్లం ఉంటుంది. ప్రసాదానికి ఇనుము వాసన వస్తోందని ఎవరైనా అంటే, "రక్తానికి మంచిదంటండి, తినండి" అంటుంది.

తుని దగ్గర లోవ అమ్మవారికి వాళ్లమ్మ మొక్కుకుంటే పుట్టిందట, అందుకని ఆ పేరు. అత్తవారిది కొవ్వూరు. ఇరవై ఎనిమిదేళ్ల కిందట రాజమండ్రి శివార్లలోని యూనివర్సిటీలో ఊడ్చే పనికి చేరింది. అప్పటి ప్లంబరు అప్పాజీగారికి చూపు సరిగా ఆనేది కాదు. సింకు కింద దూరినప్పుడల్లా టార్చిలైటు పట్టుకోమని ఈవిడను పిలిచేవాడు. ఏడాది తిరిగేసరికి టార్చి ఆయన చేతిలోకి, స్పానరు ఈవిడ చేతిలోకి మారిపోయాయి.

"ఆయన లైటు పట్టుకుని ఎటో చూసేవారండి. నేను చీకట్లోనే బిగించేదాన్ని. ఇప్పటికీ నాకు చూడకుండా బిగించడమే వచ్చు" అని నవ్వుతుంది.

ఇప్పుడావిడ మెయింటెనెన్స్ సెక్షన్ సూపర్‌వైజరు. కింద పదిమంది. ఆవిడ పద్ధతల్లా ఒకటే: ఫలానాది పాడైందన్న మాట ఎవరి నోటా రాకూడదు. పొద్దున్నే కొవ్వూరు బస్సు దిగి వరండాలన్నీ ఒక చుట్టు చుట్టి వస్తుంది. ఎక్కడ కుళాయి చుక్కేస్తోందో, ఏ ఫ్యాను మూలుగుతోందో చెవితోనే పట్టేస్తుంది. కరెంటు పనైతే ఎలక్ట్రీషియన్ ఫిన్నీకి ఫోన్ వెళ్తుంది, నీళ్ల పనైతే బ్యాగు తెరుచుకుంటుంది. ప్రొఫెసర్లు క్లాసుకొచ్చే వేళకి పాడైన ఆనవాలే ఉండదు.

చిక్కంతా అక్కడే వచ్చింది.

కొత్త ఎస్టేట్ ఆఫీసరు మురళీకృష్ణ హైదరాబాదు నుంచి వచ్చాడు. వచ్చిన నెలలోనే ప్రతి గది తలుపుకీ ఒక క్యూఆర్ స్టిక్కరు అంటించాడు. ఏదైనా పాడైతే ఫోన్ చూపించి ఫిర్యాదు పెట్టాలి, బాగుచేసినవాళ్లు టైం వేయాలి. ఆరు నెలలయ్యాక ఆయన లోవలక్ష్మినీ ఫిన్నీనీ గదిలోకి పిలిపించాడు.

"యూనివర్సిటీ వార్తాపత్రికలో మైలురాళ్లని ఒక పేజీ వేస్తున్నారండీ. తోట సెక్షన్ మూడు వేల మొక్కలు నాటింది. సెక్యూరిటీ నలభై కెమెరాలు పెట్టింది. మీ సెక్షన్‌కొచ్చిన ఫిర్యాదులు సున్నా. చేసిన పనీ సున్నా. నేననడం లేదు, కంప్యూటర్ అంటోంది."

"దానికేం తెలుసండీ పాపం, ఏసీ గదిలో కూర్చుని ఉంటుంది" అంది లోవలక్ష్మి.

"ఆ ఏసీ కూడా మొన్న మేమే బాగుచేశామండి" అన్నాడు ఫిన్నీ.

మురళీకృష్ణకి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. బల్ల మీదున్న ఫైలు వాళ్ల వైపు తిప్పాడు. పని లేని సెక్షన్‌కి పదకొండుమంది ఎందుకని రిజిస్ట్రారుగారు అడుగుతున్నారట. ఏప్రిల్ నుంచి పనంతా బయటి ఏజెన్సీకి ఇచ్చేసి, వీళ్లందరినీ ఇంటికి పంపేయాలని ఆ ఫైల్లో ఉంది.

"ఒక నెల టైముందండీ. ఫిర్యాదులు రావాలి" అన్నాడు.

లోవలక్ష్మి తిన్నగా బోటనీ ల్యాబుకి వెళ్లింది. అక్కడ మంజుష మేడం ఆకుల్ని కాగితాల మీద అంటిస్తున్నారు.

"మేడంగారూ, నా మీద ఒక ఫిర్యాదు పెట్టండి."

"నీ మీదా? మా అమ్మాయి సీమంతానికి రెండు డజన్ల గాజులు పట్టుకొచ్చినదానివి. నీ మీద రాయడానికి నాకు చెయ్యెలా వస్తుందే?"

"మూడో కుళాయి కారింది కదండీ."

"అది పొద్దున్నే నువ్వే బాగుచేశావు కదా! బాగైపోయినదాని మీద ఏమని రాయను?"

ఎవర్ని అడిగినా ఇదే పాట. ఒకరికి తమ తమ్ముడి పెళ్లిలో ఆవిడ వడ్డన చేసిన మొహమాటం, ఇంకొకరికి ఇంట్లో మోటారు బాగుచేయించిన మొహమాటం. మనవాళ్ల మీద కాగితం పెట్టడమేంటని అందరూ చెవులు మూసుకున్నారు. వారం గడిచింది. వచ్చింది ఒక్కటే ఫిర్యాదు. అదీ ఒక పిల్లాడు స్టిక్కరు పనిచేస్తోందో లేదోనని చూసినది.

ఎనిమిదో రోజున లోవలక్ష్మి మళ్లీ బోటనీకి వెళ్లింది. ఈసారి ఏమీ అడగలేదు. సింకు తుడుస్తూ తనలో తాను అనుకుంటున్నట్టు అంది. "ఫిజిక్స్ వాళ్లవి ఇరవై మూడు వచ్చాయండి. బోటనీది ఒక్కటీ లేదని ఆఫీసులో అనుకుంటున్నారు. పాడవ్వడానికి వీళ్ల దగ్గర సామానంటూ ఉంటే కదా అని."

మంజుష మేడం జిగురు సీసా కింద పెట్టారు. "ఎవరన్నారు ఆ మాట? ఫోన్ ఎక్కడ?"

ఆ తర్వాత ఫిజిక్స్ వాళ్ల దగ్గరికెళ్లి బోటనీ వాళ్లవి ముప్ఫై వచ్చాయని చెప్పింది. సాయంత్రానికి రెండు మాటలూ నిజమే అయ్యాయి. మర్నాటికి కెమిస్ట్రీ, ఆ మర్నాటికి తెలుగు శాఖ దిగాయి. వచ్చినవి ఫిర్యాదుల్లా లేవనుకోండి. "ఫ్యాను కొంచెం కిచకిచమంటోంది. వినడానికి బాగానే ఉంది. తొందరేం లేదు" అని ఒకటి. "మూడో కుళాయి కారేది. ఇప్పుడు కారడం లేదు. లోవలక్ష్మి తప్పేమీ లేదు" అని మంజుష మేడంగారిది.

ఇక టైం వేసే పని ఫిన్నీది. అతను ఆదివారం చర్చిలో ముందు వరసలో నిలబడి పాడే మనిషి. పని పొద్దున అయింది, ఫిర్యాదు మధ్యాహ్నం వచ్చింది. అతను పొద్దుటి టైమే వేశాడు.

"ఒరేయ్, మధ్యాహ్నం తర్వాత వేస్తే ఏం పోయింది?"

"దేవుడు చూస్తాడక్కా."

"ఆయన ఫోన్‌లో కూడా ఈ యాప్ ఉందేంట్రా?"

అయినా అతను మార్చలేదు. నెలాఖరుకి కంప్యూటరు లెక్క తేల్చింది. ఫిర్యాదులు మూడు వందల పద్దెనిమిది. ఒక్కోదానికి పట్టిన సమయం సగటున మైనస్ రెండు గంటలు.

రిజిస్ట్రారుగారు మండిపడ్డారు. "పనయ్యాక ఫిర్యాదొస్తుందా? ఇవన్నీ దొంగవి. మీరే ఎక్కడో ఒకటి పాడుచేసి, ఫిర్యాదు పెట్టి చూడండి. వీళ్లు ఎంతసేపటికి వస్తారో తేలిపోతుంది" అని మురళీకృష్ణకి చెప్పారు. ఆ పరీక్షలో తేలినదాన్ని బట్టే ఫైలు మీద సంతకం.

గురువారం పదకొండింటికి మురళీకృష్ణ స్టోరుకి వచ్చాడు.

"ఒక స్పానర్ కావాలండీ."

"ఏం సైజండీ?" అన్నాడు ఫిన్నీ.

"అంటే... మామూలు సైజే."

"ఏం పనో చెప్పండి సార్, నేనొస్తాను."

"వద్దొద్దు. ఇంట్లో చిన్న పని."

రిజిస్టర్లో సంతకం పెట్టి బయటికి నడిచాడు. క్వార్టర్లు ఎడమవైపు. ఆయన కుడివైపు గెస్ట్‌హౌసు దారి పట్టాడు. ఫిన్నీ ఫోన్ తీశాడు.

"అక్కా, సార్ స్పానరు పట్టుకుని గెస్ట్‌హౌసు వైపు వెళ్లారు."

"ఎలా పట్టుకున్నార్రా?"

"ఫైల్లో పెట్టుకున్నారక్కా, శుభలేఖలాగా."

"అయితే బాగుచెయ్యడానికి కాదు" అని ఆవిడ బ్యాగు భుజాన వేసుకుంది.

గెస్ట్‌హౌసు మూడో గదిలో మురళీకృష్ణ వాష్‌బేసిన్ కింద కూర్చుని నట్టు వదులు చేశాడు. ముందు నీళ్లు కట్టెయ్యాలని ఆయనకెవరూ చెప్పలేదు. పైపు ఊడి నీళ్లు మొహాన కొట్టాయి. రెండు చేతులతో పైపు నొక్కి పట్టుకున్నాడు. ఫోన్ జేబులో ఉంది, స్టిక్కరు తలుపు మీద ఉంది. చెయ్యి తీస్తే గది మునుగుతుంది.

తలుపు చప్పుడైంది.

"లోపల ఎవరండీ?"

"నేనేనండీ, మురళీకృష్ణని!"

"స్నానం చేస్తున్నారాండీ? తర్వాత రమ్మంటారా?"

"లోవలక్ష్మిగారూ, తలుపు తీసే ఉందండీ!"

ఆవిడ లోపలికొచ్చి, ఆయన మొహం వైపే చూస్తూ బేసిన్ కింద చెయ్యి పెట్టి వాల్వు కట్టేసింది. పైపు పెట్టి నట్టు బిగించింది. చేతిగుడ్డ ఇచ్చింది. ప్రసాదం కూడా ఇచ్చింది. "ఇప్పుడు తీరిగ్గా రాసుకోండి సార్. ఆ స్పానరు మాత్రం ఇచ్చెయ్యండి, రిజిస్టర్లో మీ పేరు మీదుంది."

ఆయన ఫోన్ తుడుచుకుని ఫిర్యాదు పెట్టాడు. పదకొండూ ఇరవై ఆరు. ఆవిడ పనైన టైం వేసింది. పదకొండూ ఇరవై రెండు. తెర మీద మైనస్ నాలుగు వచ్చింది.

"టైం మార్చమంటారాండీ?"

"వద్దండీ. అదే కరెక్టు."

సాయంత్రం ఫైల్లో ఒక కాగితం చేరింది. 'స్వయముగా తనిఖీ చేసితిని. సిబ్బంది ఫిర్యాదుకు ముందే హాజరగుట వాస్తవము. బయటి ఏజెన్సీ అనవసరము.' తడిసిన సంగతి అందులో లేదు. ఆ కాగితం చూసి రిజిస్ట్రారుగారు ఏజెన్సీ ప్రతిపాదన మీద అడ్డంగా గీత గీశారు.

ఆ నెల మైలురాళ్ల పేజీలో పదకొండుమంది ఫోటో పడింది. మధ్యలో నిలబడి నవ్వుతున్న లోవలక్ష్మి ఒక భుజం మాత్రం కిందికుంది.

ఫిర్యాదులిక చాలని ఆవిడ అన్ని శాఖలకీ తిరిగి చెప్పి వచ్చింది. అందరూ ఆపారు, మంజుష మేడం తప్ప. ఆవిడకి రుచి తెలిసింది. నిన్న పెట్టినది: "క్యాంటీన్ పెసరట్టులో అల్లం తగ్గింది. తొందరేం లేదు." లోవలక్ష్మి బ్యాగులో ఇప్పుడు వాషర్ల పక్కన అల్లం ముక్క కూడా ఉంటోంది.