నీడ పడ్డదేమో, సూసొస్త

మా ఫిజిక్సు సార్ పోయారు. పోయిన వారం, పొద్దు బాగా ఎక్కిన వేళ, సూర్యాపేటలో తన ఇంటి వరండాలో మంచం మీదే కన్నుమూశారు. గోడకు ఇవతలి వాటాలో ఉంటున్న నాకు కబురు చెప్పడానికి ఎవరూ రానక్కర్లేకపోయింది. అక్క, అంటే సార్ భార్య, ఒక్కసారి గట్టిగా "అయ్యో" అంది. దిద్దుతున్న పేపర్లు వదిలేసి పరుగెత్తాను.

అప్పటి నుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఈ నాలుగు ముక్కలు రాయబోయి ఎన్నిసార్లు లేచానో నాకే తెలియదు. నీళ్లు తాగుతాను, వాకిట్లోకి వెళతాను, ఎండ ఎటుందో చూసి వస్తాను. తలచుకుంటే నవ్వు కూడా వస్తోంది. ఈ జబ్బు నాది కాదు, ఆయనది.

నేను తెలుగు చెప్పడానికి ఆయన పనిచేసే కాలేజీలో చేరిన కొత్తలో ఆయన్ని చూసి బెంబేలెత్తాను. స్టాఫ్ రూములో మాట సగంలో ఉండగా "నీడ పడ్డదేమో, సూసొస్త" అని లేచిపోయేవారు. క్లాసులో సూత్రం సగం రాసి చాక్‌పీసు బల్ల మీద పెట్టి అదే మాట. మా సహోద్యోగి పెళ్లిలో అక్షింతలు పిడికిట్లో పట్టుకునే వెళ్లిపోయి, జంట అరుంధతి నక్షత్రం చూసి లోపలికి వచ్చాక తిరిగొచ్చారు. ఎక్కడికని అడిగితే ఒకటే జవాబు, పెట్టె దగ్గరికి.

ఆ పెట్టె గురించి చెప్పాలి. ఒక చెక్కపెట్టె, లోపల నల్లరంగు పూసిన రేకు, పైన రెండు పొరల గాజు పలక. మూతకు లోపలివైపు ముఖం చూసుకునే అద్దం. మూత ఎత్తి ఎండకు ఎదురుగా పెడితే లోపలి గిన్నెల్లో అన్నం, పప్పు వాటంతట అవే ఉడుకుతాయి. కట్టె లేదు, కిరసనాయిలు లేదు, పొగ లేదు. చిక్కంతా ఒక్కటే. సూర్యుడు జరిగినకొద్దీ పెట్టెనూ జరపాలి. ఆదమరిస్తే నీడ గిన్నెల మీదికొచ్చి కూర్చుంటుంది. నాకూ తిప్పడం నేర్పారు. "సూర్యుణ్ణి సూడకమ్మా, కండ్లు పోతయ్. నీడను సూడు. పెట్టె నీడ సక్కగ పెట్టె ఎన్కనే పడాలె" అనేవారు.

ఎనభైల్లో దాన్ని పరిశోధన అని మా ఊళ్లో ఎవరూ అనుకోలేదు. సార్‌కు కొంచెం తిక్క అనుకున్నారు. కోదాడకు బదిలీ అయితే పెట్టెలు కూడా లారీ ఎక్కాయి. అక్కడి ఇంటావిడ డాబా మీద వాటిని చూసి, "ఏంటండీ మాస్టారూ ఇవన్నీ? మా ఇంటి మీద పిడుగులు గానీ పడవు కదా?" అని అడిగిందట. "పిడుగులు పడయమ్మా, పప్పు ఉడుకుతది" అన్నారట సార్. ఆ తర్వాత మిర్యాలగూడ. అక్కడి రైస్ మిల్లుల వెనక కొండల్లా పడి ఉండే ఊకను చూసి ఆయనకు ఆకలి కూడా మరుపొచ్చింది. వేడి బయటకు పోకుండా పెట్టె గోడల మధ్య ఖరీదైన గాజు ఉన్ని కూరుతారు. దాని బదులు ఎండబెట్టిన ఊక కూరి చూశారు. వేడి నిలిచింది. దాని మీద ఆయన రాసిన వ్యాసాలు హైదరాబాదులో, ఢిల్లీలో పెద్దవాళ్ల ముందు చదివారు. వాళ్లు చప్పట్లు కొట్టారు.

ఆయనకు కావలసింది చప్పట్లు కాదు. "నేను పక్కన నిలబడకున్నా ఒక్క ఇంట్లనన్న ఇది నడవాలె. గప్పుడే నా పని అయినట్టు" అనేవారు. జీవితమంతా ఆ ఒక్క ఇంటి కోసమే తిరిగారు. నేరేడుచర్ల వైపు పల్లెల్లోనూ, తుంగతుర్తి వైపు తన సొంత ఊళ్లోనూ వాకిలి వాకిలికీ పెట్టె మోసుకెళ్లి పప్పు ఉడికించి చూపించారు. జనం చుట్టూ చేరేవాళ్లు, ముక్కు మీద వేలేసుకునేవాళ్లు, పెట్టె మాత్రం ఎవరూ ఇంట్లో పెట్టనిచ్చేవాళ్లు కాదు. ఎందుకో చెప్తాను. అది ఆయన చేజేతులా చేసుకున్నదే.

ఆయన తల్లి ఎండాకాలంలో పోయింది. దూరాన ఉన్న కూతురు రావాలని శవాన్ని వాకిట్లో ఉంచారు. చావింట్లో పొయ్యి వెలిగించరు కదా. ఇరుగుపొరుగు తెచ్చే అన్నం ఆలస్యమైంది, పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. ఫిజిక్సు చదివిన బుర్ర, అలా ఆలోచించింది. పెట్టెలో నిప్పు లేదు, కాబట్టి అది పొయ్యి కాదు. బియ్యం కడిగి ఎండలో పెట్టేశారు. పెద్దనాయన చూసి మండిపడ్డాడు.

"తల్లి వాకిట్ల పండుకోని ఉంటే బువ్వ వండుతవార?"

"నిప్పేది పెద్దనాయనా? సెయ్యి పెట్టి సూడు."

"నిప్పు కనవడకపోతే పొయ్యి కాదార? బువ్వ ఉడికితే పొయ్యే!"

ఆ అన్నం ఎవరూ ముట్టలేదు. పిల్లల చేతుల్లోంచి కూడా లాగేసుకున్నారు. అంతటితో పోయినా బాగుండేది. అప్పటినుంచి దానికి 'సావింటి పెట్టె' అని పేరు పడింది. పేరు జీపులెక్కి, సంతలు తిరిగి, ఆయన కన్నా ముందే ప్రతి ఊరికీ చేరేది. "ఎండ లెక్కలన్నీ కట్టిన. మనుషుల లెక్కే మరిచిన" అని సార్ నాతో చాలాసార్లు అన్నారు.

అందరికంటే గట్టిగా పట్టుబట్టింది అక్క. అత్త శవం ముందు జరిగిన ఆ గొడవ ఆమెకు గుండెలో ముల్లులా ఉండిపోయింది. "గా పెట్టెల నేను వండ. నా పానం పోయినా వండ" అంది. అన్నమాట మీదే నిలబడింది. దాంతో ఆ ఇంట్లో రోజూ రెండు పప్పులు. గ్యాసు పొయ్యి మీద అక్క పప్పు, వాకిట్లో సార్ పప్పు. మొగుడూ పెళ్లాలు ఎదురెదురుగా కూర్చుని ఎవరిది వాళ్లు తినేవాళ్లు. గోడ ఇవతల నుంచి నేను పగలబడి నవ్వేదాన్ని.

పోయిన నెల మిర్యాలగూడలో మిల్లుల వాళ్లూ కాలేజీల వాళ్లూ కలిసి ఆయనకు జీవిత సాఫల్య పురస్కారం ఇచ్చారు. సౌరశక్తి మీద జీవితం ధారపోసిన మనిషి అని ఉపన్యాసాలు దంచారు. ఒకాయన సార్‌ను సాక్షాత్తూ సూర్యుడితోనే పోల్చాడు. ఆ సూర్యుడు ఫ్యాను అందక చెమటలు తుడుచుకుంటూ కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు. శాలువా సగం కప్పారో లేదో, "నీడ పడ్డదేమో, సూసొస్త" అని వేదిక దిగిపోయారు. ఎందుకంటే పొద్దున్నే హాలు ఆవరణలో తన పెట్టెలు వరసగా పెట్టి వచ్చిన పెద్దలందరికీ వండుతున్నారు. సభ అయిపోయింది. అందరూ బిర్యానీ దగ్గరికి వెళ్లారు. సార్ గిన్నెలు పట్టుకుని నిలబడితే ఒక మిల్లు యజమాని దగ్గరికొచ్చి చాలా మర్యాదగానే చెప్పాడు. "సార్, ఏమనుకోకుండ్రి. శుభమా అని సన్మానం పెట్టుకున్నం. అండ్ల వండింది తినుడెందుకు?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఏదో అనబోతే సార్ కళ్లతోనే వద్దన్నారు. గిన్నెలు అలాగే జీపెక్కించి తిరిగొచ్చాం. ఇంటికి వచ్చాక అక్క ఆ గిన్నెలన్నీ దించింది. ఒకదాని మూత తీసి, నిలబడే ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. అన్నేళ్లలో మొదటి ముద్ద.

"పప్పు మంచిగనే ఉడికింది. ఉప్పే తక్కువైంది" అంది.

సార్ నా వైపు తిరిగి, "ఇన్నవామ్మా? నా పరిశోధన మీద మీ అక్క రిపోర్టు. ఉప్పొక్కటే తప్పంట" అన్నారు. శాలువా కప్పినప్పుడు కూడా ఆయన ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు.

తర్వాత జ్వరం పట్టుకుంది. దవాఖానకు తీసుకెళ్లి మందులిప్పించినా దిగలేదు. పెట్టె వాకిట్లో మూతపడి ఉంది. వరండాలో మంచం వేయించుకుని దాన్నే చూస్తూ అటూ ఇటూ దొర్లేవారు. పోయిన రోజు పొద్దున మాత్రం పెట్టె తెరిచి ఉంది. ఆయనే ఎలాగో లేచి పెట్టారనుకుని, జ్వరంలో కూడా ఊరుకోరు కదా అని మనసులో తిట్టుకున్నాను.

మధ్యాహ్నానికి ఊరినుంచి బంధువులు దిగారు. సార్‌ను వాకిట్లో పడుకోబెట్టారు. అప్పటి పెద్దనాయన కొడుకు, ఆయన కూడా ముసలాయనే, ఇల్లంతా తిరిగి చూశాడు. "పొయ్యి బంద్ చేసిండ్రా?" అని అడిగాడు. చేశామన్నారు. అప్పుడు పెట్టె కంటపడింది.

"గదేంది, గాడ ఉడుకుతున్నది? మూతెయ్యిండ్రి దానికి!"

ఎవరో లేచారు. అప్పటిదాకా సార్ పాదాల దగ్గర తలవంచుకుని కూర్చున్న అక్క తలెత్తింది.

"ముట్టకుండ్రి. ఆయన పెట్టింది కాదు, నేను పెట్టిన. జ్వరం నోటికి ఇంత పప్పు తింటడని పెట్టిన. ఉడకనియ్యిండ్రి."

ముసలాయన నోరు తెరిచి, అక్క ముఖం చూసి, కండువా దులుపుకుని వెళ్లి గోడవారన కూర్చున్నాడు. "నీడ పడ్డది, జర తిప్పమ్మా" అంది అక్క నాతో. వెళ్లి తిప్పాను. కళ్లనిండా నీళ్లు, నీడ ఎటుందో సరిగ్గా కనిపించలేదు.

పాడె లేచింది. డప్పులు సందు మలుపు తిరిగాయి. మగవాళ్లంతా వెళ్లిపోయారు, వాకిట్లో ఆడవాళ్లం మిగిలాం. కాసేపటికి మూత నీడ మళ్లీ గిన్నె అంచు మీదికి పాకింది. నేను లేవబోతే అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నువ్ కూసో. నేను సూసొస్త."

కొంగు నడుముకు చుట్టుకుని వెళ్లి, రెండు చేతులా పెట్టెను పట్టి కొంచెం కొంచెంగా తిప్పింది. దాని నీడ చక్కగా దాని వెనక్కి వెళ్లేదాకా అక్కడే నిలబడి చూసింది. గాజు పలక లోపల ఆవిరి చుక్కలు కట్టి జారుతోంది.