బావిలోంచి తీయని తాబేలు

మొన్న హిందూపురంలో పశువుల డాక్టరు ముందు నేనొక అబద్ధమాడాను. ఆమె అడిగింది పెద్ద ప్రశ్నేమీ కాదు, ఇంతకుముందు మీ ఇంట్లో ఎప్పుడైనా తాబేలు ఉండేదా అని. ఎప్పుడూ లేదన్నాను. పక్కనే నా చెయ్యి పట్టుకొని నిలబడిన మనవరాలు ఆ మాట నమ్మింది.

తాబేలు మనవరాలిది. దానికి జబ్బేమీ లేదు. ఏడాదికోసారైనా డాక్టరుకు చూపించాలని బడిలో ఎవరో చెప్పారట, అందుకని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి తీసుకెళ్లాం. చిలమత్తూరు వైపు నుంచి గొర్రెను తోలుకొచ్చిన ఒక పెద్దాయన డబ్బాలోకి తొంగిచూసి, "ఏమప్పా, తాబేలుకు గూడా గాలికుంటు వస్తాదా?" అన్నాడు. జబ్బు కాదు, ఊరికే చూపించడానికి వచ్చామంటే, "బాగుండేదాన్ని ఎత్తుకొని ఆస్పత్రికొచ్చినోణ్ణి నిన్నే చూస్తాండా" అని గొర్రె మెడమీద చెయ్యేసి నవ్వాడు. నేనూ నవ్వాను. డాక్టరమ్మ దాన్ని తూచి, కళ్లూ నోరూ చూసి, డిప్పను వేలితో తట్టి, ఆరోగ్యంగా ఉంది, రోజూ కాసేపు ఎండ తగలనివ్వండి చాలు అంది. అంతలో అది స్టీలు బల్లను గోళ్లతో గీరింది. ఆ చప్పుడుకు ఒక అడుగు వెనక్కి వేశాను. సరిగ్గా అప్పుడే ఆమె ఆ ప్రశ్న అడిగింది.

మా ఊరు పెనుకొండకు దగ్గర. నా వయసువాళ్లకు చెప్పనక్కర్లేదు, తాగే బావిలో తాబేలుంటే నీళ్లు శుభ్రంగా ఉంటాయని పెద్దలు ఒకదాన్ని వదిలేవాళ్లు. మా బావిలో దాన్ని వదిలింది మా అక్క. వానాకాలం వంకలో దొరికిన, అరచేతిలో సగం లేని పిల్లను పావడలో పెట్టుకొని తెచ్చింది. నీళ్లు చేదేటప్పుడల్లా గుప్పెడు బువ్వ వేసేది కాబట్టి, బొక్కెన చప్పుడుకే అది పైకి తేలేది. ధర్మవరంలో మగ్గాలున్న ఇంటికి కోడలిగా వెళ్లాక కూడా, పుట్టింటికొస్తే ముందు బావిలోకి తొంగిచూసి, తర్వాతే గడప దాటేది.

వరసగా కరువులొచ్చి బావి ఎండిపోతే నాయన బోరు వేయించి, పాత బావిని పూడ్చేద్దామన్నాడు. అది పెళ్లిళ్ల కాలం, మగ్గం మీద చీర సగంలో ఉంది, అక్క రాలేకపోయింది. ధర్మవరం పోయిన నాతో, "అబ్బయా, అది అడుగున బురదలో దాక్కోనుంటాది. నువ్వు దిగి తీసి చెరువులో ఇడిసిపెట్టు, మర్చిపోవాకు" అని రెండుసార్లు చెప్పింది. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. గోడలో పొడుచుకొచ్చిన రాళ్లమీద కాళ్లు పెట్టుకుంటూ దిగాలి. సగం దిగి, రాళ్ల సందులో పాము కుబుసం చూసి పైకొచ్చేశాను. భయపడ్డానని చెప్పుకోవడం నామోషీ అనిపించి, సాయంత్రం నాయన అడిగితే, తీసి చెరువులో వదిలానన్నాను.

మర్నాడు ట్రాక్టరు వచ్చింది. మొదటి లోడు మన్ను వంచబోతూ కూలిమనిషి ఒకడు కేకేశాడు: "ఏమబ్బా, లోపల తాబేలుండాదంట గదా, తీసినావా?"

నాయన పక్కనే ఉన్నాడు. తీసినానన్నాను. ఆ తర్వాత ఒక్క క్షణం, ఇంజను ఆగి ఉన్నప్పుడు, అడుగునుంచి రాతిమీద గోరు గీరిన చప్పుడు వినిపించింది. నిజంగా విన్నానో, నా భయమే వినిపించిందో ఇప్పటికీ తెలియదు. బావి పూడేదాకా అక్కడే నిలబడ్డాను, నోరు తెరవలేదు.

ఆ తర్వాత అక్క ఎప్పుడొచ్చినా చెరువు కట్టమీద ఆగి, సద్దిలోంచి ఇంత బువ్వ తీసి నీళ్లలో వేసేది. చాలాసార్లు పక్కన నేనే ఉన్నాను. ఒకసారి నీళ్లలో ఏదో నల్లగా కదిలితే, "అదేలే, నన్ను గుర్తుపట్టింది" అని సంతోషంగా నా భుజం తట్టింది. చెంపమీద కొట్టినా బాగుండేది.

ఇప్పుడు మావైపు బావులే కనపడవు. పూడ్చిన చోట్ల ఇళ్లు లేచాయి, ఎక్కడ ఏ బావి ఉండేదో చెప్పగలిగినవాళ్లూ తగ్గిపోయారు. మన నీళ్లలో ఒక ప్రాణి బతుకుతోందని తెలిసి, దానికింత పెట్టి, ఆ నీళ్లే తాగిన కాలం పోయింది. అది పోయిందని బాధపడే హక్కు నాకుందా అని ఒక్కోసారి అనిపిస్తుంది.

మొన్న ఆస్పత్రి నుంచి వచ్చి, మనవరాల్ని ఇంట్లో దించి, నేరుగా ధర్మవరం బస్సెక్కాను. అక్క మగ్గం పక్కన కూర్చుని కండెలు చుడుతోంది. బావి సంగతి, మనవరాలి ముందాడిన అబద్ధం, అంతా చెప్పాను. ఆమె చేతిలో దారం ఆగిపోయింది. "మన్ను పోసేటప్పుడు నువ్వు ఆడనే ఉండావా?" అంది. ఉన్నానన్నాను.

"అయితే ఇన్నేండ్లూ నాచేత ఉత్త నీళ్లకు బువ్వ ఏపిచ్చినావు."

తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. నేను లేచేటప్పుడు మాత్రం, తలెత్తకుండా, "నాకు చెప్పినావు సరే. ఆ బిడ్డకు చెప్పినావా?" అంది.

మర్నాడు పొద్దున మనవరాల్ని కూర్చోబెట్టుకొని, డాక్టరమ్మతో అన్నది అబద్ధమని మొదలుపెట్టి, బావి పూడేదాకా ఏదీ దాచకుండా చెప్పాను. ఆ పిల్ల అంతా వింది. లేచి, నా పక్కనున్న తాబేలు డబ్బాను రెండు చేతులా ఎత్తుకొని లోపలి గదిలోకి తీసుకెళ్లింది.