సత్యనారాయణమ్మగారి పాలసీసాలు

ముక్తేశ్వరంలో సత్యనారాయణమ్మగారి మాటంటే మాటే. భర్త పోయాక కొబ్బరితోటలూ వరిచేలూ ఆవిడే చూసుకునేది. ఆవిడ గొంతు వినబడితే చాలు, కూలీలు చుట్టలు ఆర్పేసేవారు. అంతటి మనిషికి పాలసీసా పట్టుకుని దిక్కుతోచక కూలబడే గతి పట్టింది. పంతొమ్మిది వందల డెబ్బై అయిదో సంవత్సరం వేసవి అది.

ఒక్కగానొక్క కూతురు సావిత్రి పురిటికొచ్చి, ఆడపిల్లను కని, రక్తం ఆగక కన్నుమూసింది. కార్యక్రమాలు అవగానే అల్లుడు కపిలేశ్వరపురం బయల్దేరాడు. "పిల్ల మీ దగ్గరే ఉండనివ్వండి అత్తయ్యగారూ" అని ఒక్క ముక్క అనేసి చేతులు దులుపుకున్నాడు. మహానుభావుడు! ఇక ఆవిడకి మిగిలింది ఆ పసిగుడ్డొక్కటే. దాన్ని బతికించుకోవాలి, అంతే. వేరే ఆలోచనే లేదు.

గేదెపాలలో నీళ్ళు కలిపి, కాచి, సీసాతో పట్టింది. తాగడానికేం, ఆబగా తాగేది. కాసేపటికే కాళ్ళు ముడుచుకుని, మొహం కందిపోయి, గుక్కపట్టి ఏడ్చేది. పొట్ట ఉబ్బి, వేలితో తడితే డబడబమనేది. బొడ్డు చుట్టూ ఇంగువ పట్టు వేసింది. వామునీళ్ళు తాగించింది. గ్రైప్ వాటర్ పట్టింది. దిష్టి కూడా తీసింది. ఏం లాభం?

"పాలతోబాటు గాలి మింగేత్తందండి. సీసా మార్చి చూడండి" అన్నాడు అమలాపురంలో మందులషాపాయన. పడవలా ఉన్న గాజుసీసా ఒకటి తీసిచ్చాడు. ఒక కొసన పాలపీక, రెండో కొసన చిన్న చిల్లున్న రబ్బరు మూత. "ఆ చిల్లులోంచి గాలి సీసాలోకెళ్తుందండి. పాప కడుపులోకి పాలు తప్ప గాలెళ్ళదండి."

ఆవిడ ఆ సీసాని దేవుడి పటంలా పట్టుకొచ్చింది. ఒక పూట పిల్ల నెమ్మదిగా నిద్రపోయేసరికి ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. మర్నాడు మళ్ళీ అదే ఏడుపు. పీక చిల్లు పెద్దదేమో, గటగటా మింగేస్తోందని సన్న చిల్లు పీక తెప్పించింది. దాంతో పాలు రాక, లాగి లాగి పిల్ల సొమ్మసిల్లేది. నిలువు సీసా వచ్చింది. రాజమండ్రి నుంచి ప్లాస్టిక్ సీసా వచ్చింది. వంటింటి గూట్లో మామిడికాయ జాడీల పక్కన పాలసీసాలు బారు తీరాయి. పిల్ల మాత్రం రోజురోజుకీ తేలికైపోతోంది.

ఆ ఇంట్లో గొడ్లపాక పని చేసేది సుందరి. ఊరవతల హరిజనపేటలో ఉంటుంది, చర్చికి వెళ్ళే కుటుంబం. సావిత్రి పోయిన వారంలోనే సుందరికి పుట్టిన మగబిడ్డ జ్వరమొచ్చి పోయాడు. కడుపుశోకం దిగమింగుకుని పనిలోకి వచ్చేసింది. లోపల పిల్ల ఏడిస్తే చాలు, పాకలో గడ్డి వేస్తున్న సుందరి రవిక తడిసి ముద్దయ్యేది. ఉండబట్టలేక ఒకరోజు పెరటి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది.

"అమ్మగారండీ, పాప ఏడుత్తుంటే నాకు పాలు చేపుకొచ్చేత్తన్నాయండి. నేలపాలవుతున్నాయి. ఒక్కపాలి ఇలా ఇవ్వండి, నేనిత్తాను."

"నోర్ముయ్యవే! మా పిల్లకి నీ పాలా? ఊళ్ళో తలెత్తుకు తిరగనిస్తారా?"

"ఆయ్" అని తలొంచుకుని వెళ్ళిపోయింది సుందరి. ఒళ్ళు మండదూ? గేదెకి మేత వేసేది ఆ సుందరే. ఆ మేత తిన్న గేదె పాలు పనికొచ్చాయి, సుందరి పాలు పనికిరాలేదు!

నాలుగు రోజుల తర్వాత మళ్ళీ వచ్చింది. మొహం జ్వరంతో కాలిపోతోంది. "కాసిని మల్లెపూలు ఇప్పించండమ్మగారూ. రొమ్ములు గడ్డకట్టేసేయండి. పూలు కట్టుకుంటే పాలు ఇంకిపోతాయని మా అత్త చెప్పిందండి." అయ్యో పాపం అనిపించింది సత్యనారాయణమ్మగారికి. స్వయంగా పొదల దగ్గరికి వెళ్ళి, ఒళ్ళో పట్టినన్ని కోసి, సుందరి చెంగులో పోసింది. రోజూ వచ్చి పట్టుకెళ్ళమంది కూడాను. చేతిలో ఉన్న మందుని ఆవిడే దగ్గరుండి పారబోయించింది.

పిల్లకి విరేచనాలు పట్టుకున్నాక అమలాపురం డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తింది, సంచీలో సీసాలన్నీ వేసుకుని. "వీటిల్లో ఏది మంచిదో మీరే చెప్పండమ్మా. ఏది పట్టినా గాలే."

డాక్టరమ్మ సీసాల వంక చూడనేలేదు. పిల్ల చర్మం వేళ్ళతో పట్టి వదిలింది. "ఏ సీసా అయితే ఏంటండీ, పేగులు అరిగించుకోలేకపోతున్నాయి. దీనికి తల్లిపాలు పడాలి. మీ ఊళ్ళో పాలున్న మనిషే లేదా?"

"లేదండి" అంది సత్యనారాయణమ్మగారు. అబద్ధం చెప్పి వచ్చేసింది. బస్సులో ఒళ్ళోని పిల్ల ఏడవడం కూడా మానేసి, నోరు ఊరికే తెరిచి మూస్తుంటే ఆవిడ గుండె చెరువైంది. పరువూ లేదు, పాడూ లేదు. బస్సు దిగి, మిట్టమధ్యాహ్నం, అందరూ చూస్తుండగా, పిల్లనెత్తుకుని పేటలోకి నడిచింది. జన్మలో ఆవిడ ఆ వీధి తొక్కింది లేదు.

"సుందరీ, తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటాను. దీనికి పాలియ్యవే!"

సుందరి గబగబా పిల్లని అందుకుంది. చాప మీద కూర్చుని రొమ్ము నోటికందించింది. పిల్ల పట్టుకుంది.

"తాగుతోందా?"

"లేదండి. ఉత్తినే చీకుతోందండి. ఇంకిపోయేయండమ్మగారూ."

"చీకనీ. పడతాయేమో. తియ్యకు."

సుందరి తియ్యలేదు. ఆ రొమ్ము వదిలితే ఈ రొమ్ము మార్చి మార్చి ఇచ్చింది. అత్తచేత గంజి పెట్టించుకుని తాగింది. ప్రార్థన చేసింది. పెద్దావిడ మట్టినేల మీద కూర్చుని పిల్ల పెదవుల వంకే చూస్తూ ఉండిపోయింది. చీకటి పడకముందే ఆ పెదవులు ఆగిపోయాయి.

సుందరి బిడ్డని కిందికి దించలేదు. ఇమ్మని ఆవిడా అడగలేదు.

"నేను ముందే ఇత్తానన్నానండి."

"ఆయ్. అన్నావమ్మా" అంది సత్యనారాయణమ్మగారు.