వంతు రాని లాకు

1994, వానాకాలం. వైర్‌లెస్‌లో మాట్లాడే వరస మార్చమని నేనిచ్చిన కాగితానికి జవాబు రాలేదు.
1996, వానాకాలం. కాలువ చివరి లాకు దగ్గర గండి పడింది. కబురు ఆలస్యం చేశాడని అక్కడ గేట్లూ గట్టూ చూసుకునే లస్కరు మీద అభియోగం మోపారు.
1997, వేసవి. విచారణలో నా లాగ్ పుస్తకం తెరవలేదు.
2003. ‘నిర్లక్ష్యం’ అన్న మాట సర్వీసు పుస్తకంలో ఉండగానే ఆ లస్కరు రిటైరయ్యాడు.

నేను విజయవాడలో ఒక కాలువల కార్యాలయంలో వైర్‌లెస్ ఆపరేటర్‌ని. చల్లపల్లి దాటి పోయే కాలువ మీది లాకులకూ, గట్ల వెంబడి తిరిగే జీపులకూ కలిపి ఒకటే ఛానల్. ఇద్దరు ఒకేసారి మీట నొక్కితే ఎవరి మాటా తెలియదు, గరగర మాత్రం వినిపిస్తుంది. అందుకని వంతులు పెట్టారు. ఆ వంతులు హోదాను బట్టి వేశారు. ముందు పెద్ద ఇంజనీరుగారి జీపు, తరువాత చిన్నవారి జీపులు, ఆ తరువాత లాకులు పైనుంచి కిందికి. జీపు ఖాళీగా షెడ్డులో ఉన్నా సరే, డ్రైవరు పలికేదాకా పిలవాలి. వంతు తప్పి మాట్లాడినవారికి మెమో.

నేను రాసిచ్చిన పద్ధతి ఇది. నీటిమట్టం చూపే గేజీ కదలని లాకును పూటకొకసారి పిలిస్తే చాలు. నీరు పెరుగుతున్న లాకును మాటిమాటికీ పిలవాలి. పలకని జీపును వదిలి ముందుకు పోవాలి. ప్రతి వరస చివరా అత్యవసరమైనవారి కోసం కొంత ఖాళీ ఉంచాలి. అప్పుడు ఇద్దరి మాటలు ఢీకొంటే, ఒక్కొక్కరు తమకు విడిగా ఇచ్చిన అంకె దాకా లెక్కపెట్టి మళ్ళీ మీట నొక్కాలి.

పైఅధికారి చదివి నవ్వారు. “పెళ్ళి బంతిలో కూడా ఇంతేనా? పెద్దల్ని ఆపి ఆకలైనవాడికి వడ్డిస్తావా?”

“పెద్దలు బంతిలో లేకుండానే విస్తరి వేసి కూర్చుంటున్నామండి,” అన్నాను.

ఆ కాగితం మళ్ళీ కనబడలేదు.

గండి పడిన రోజు మధ్యాహ్నం ఒక జీపు డ్రైవరు తన వంతులో చెబుతున్నాడు. “అయ్యగారు భోజనానికి వెళ్ళారండీ, ఓవర్.” ఆ మాట మీద గరగర వచ్చింది. కొద్ది నిమిషాలకు మళ్ళీ వచ్చింది. ‘రెండు సెట్లు ఒకేసారి. ఒకటి జీపు. రెండవది తెలియదు’ అని రెండుసార్లూ లాగ్‌లో రాశాను. ఆ రెండవది ఎవరో నేను అడగాల్సింది. అడగకుండా వరస ప్రకారం తరువాతి జీపును పిలిచాను.

చివరి లాకు వంతు వచ్చేసరికి గట్టు కింద నీరు కారుతున్న చిన్న బుంగ పెరిగి గండి అయింది. వరిచేలు మునిగాయి.

విచారణలో లస్కరును అడిగారు. “బుంగ చూసిన వెంటనే ఎందుకు చెప్పలేదయ్యా?”

“వంతు తప్పితే మెమో అన్నారు కదండీ. అయినా రెండుసార్లు చెప్పానండీ. ఎవరికీ వినబడలేదు.”

“వినబడకపోతే చెప్పినట్టా?”

లాగ్ పుస్తకం నా చేతిలోనే ఉంది. చూపించబోతే, సాక్షుల జాబితాలో నేను లేనన్నారు.

2005లో కొత్త సెట్లు వచ్చాయి. ఛానల్ ఖాళీ ఉందో లేదో అవే చూసుకుంటాయి, ఢీకొంటే అవే ఆగి మళ్ళీ పంపుతాయి, మాట్లాడవలసింది ఎక్కువున్న సెట్టుకు ఎక్కువ సమయం ఇస్తాయి. పాత వరసలో లోపం ఉండేదని కార్యాలయమే సర్క్యులర్‌లో రాసింది. లోపం వరసది అయితే లస్కరు చేసిన తప్పేమిటో మాత్రం రాయలేదు.

ఈ రాతప్రతినీ, ఆనాటి లాగ్ పేజీల నకళ్ళనూ రిజిస్టర్డ్ పోస్టులో సదరు కార్యాలయానికి పంపుతున్నాను. ఆ లస్కరు సర్వీసు పుస్తకం నుంచి ‘నిర్లక్ష్యం’ అన్న మాట కొట్టివేస్తున్నారా లేదా, కొట్టివేయకపోతే ఏ ఆధారంతో ఉంచుతున్నారో, ముప్పై రోజుల్లోగా సంతకంతో లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. ఆ మాట ఎక్కడో ఒకచోట ఉండి తీరాలంటే, ఆ వరస మీద సంతకం చేసినవారి పుస్తకంలోనూ, దాన్ని పాటించిన నా పుస్తకంలోనూ రాసి, ఆ నకలు కూడా జతచేయగలరు.