ఎడమకు దోపిన కొన

జైతూనక్క ఫొటో ఒక్కటి కూడా ఏ ఇంట్లోనూ లేదు. ఆధార్ కార్డు మీద ఉన్నదాన్ని కూడా ఫొటో అంటే అది ఆమె ఖర్మ. చిన్నప్పుడు అమ్మవారు పోసిన మచ్చలు మొహమంతా ఉంటాయి. "నా మొఖం నాకు తెల్వదా? మళ్ల కాయితం మీద చూసుకునుడెందుకు?" అంటుంది. అలాంటి మనిషి ఒక పిల్లను అందాల పోటీకి తయారు చేసిందని చెబితే ఎవరూ నమ్మరు. దగ్గరుండి చూశాను కాబట్టి నాకు నమ్మక తప్పలేదు.

మాది సిరిసిల్ల. మా ఆయన ముత్యం మరమగ్గాల పనికి సూరత్ వచ్చి పాతికేళ్లు దాటింది. లింబాయత్‌లో మా గల్లీ చివర మురికి కాలువ ఉంటుంది, అది దాటితే జైతూనక్క వాళ్ల గల్లీ. ఆమెది జగిత్యాల వైపు. మగ్గాలు బాగుచేసే భర్త గుండెపోటుతో పోయాడు, పిల్లల్లేరు. మార్కెట్ నుంచి వచ్చే చీరలకు స్టోన్లు అంటించే పని ఇద్దరం కలిసి చేసేవాళ్లం. పొద్దంతా జిగురు వాసన, వంచిన మెడ. మనసారా తెలుగులో తిట్టుకోవడానికి నాకు ఆమె, ఆమెకు నేను.

కాలువ అవతల ఏ నిఖా జరిగినా పెళ్లికూతురి నెత్తి జైతూనక్క చేతికే అప్పగించేవాళ్లు. జారుడు జార్జెట్టును కూడా రెండు పిన్నీసులతో సాయంత్రం దాకా కదలకుండా కట్టేది. కొత్త కట్టు ఏది కనిపెట్టినా ముందు నా నెత్తి మీదే. "నీ నెత్తి గుమ్మడికాయంత ఉంటది పద్మా. దీనికి కుదిరితే దునియాల ఎవలకైనా కుదురుతది" అనేది. ఇది చూసి మా అత్త వెంకటవ్వ మూతి తిప్పేది. "ఏంది గీ ఏషం? మనకెందుకే గవన్ని?" అని. ఆమె మాత్రం చెవుల చుట్టూ కొంగు బిగించనిదే పాల పాకెట్టుకు కూడా గడప దాటదు. గురివింద గింజ తన నలుపెరగదని ఊరికే అనలేదు.

జైతూనక్క ఆడబిడ్డ హసీనా పక్క ఇంట్లోనే ఉండేది. ఆమె కూతురు సుమయ్యకు పందొమ్మిదేళ్లు. కరోనాతో కాలేజీ మూతపడి, ఫోనులో పాఠాలు వినీ వినీ విసుగొచ్చి, మామీ దగ్గర స్కార్ఫు కట్టడం నేర్చుకుంటానని వచ్చి కూర్చుంది. మెరికలాంటి పిల్ల, కానీ ఒక్క తప్పు మాత్రం పోలేదు. జైతూనక్క ఎదురుగా కూర్చుని తన కుడి చెవి దగ్గర కొన దోపి చూపించేది. ఎదురుగా ఉన్నవాళ్లకు అది ఎడమ పక్కన కనిపిస్తుంది, వాళ్లు తమ ఎడమ చెవి దగ్గర దోపుకుంటారు. నేర్చుకునే ప్రతి పిల్లా మొదట చేసే పొరపాటే ఇది. మిగతావాళ్లు వారంలో దిద్దుకున్నారు. సుమయ్య చేయి మాత్రం ఎప్పుడూ ఎడమకే పోయేది.

"నీకు కుడి, ఎడమ తెల్వదానే? అన్నం ఏ చేత్తోటి తింటున్నవ్?" అని జైతూనక్క నెత్తి మీద ఒకటిచ్చేది.

"చేయి గటే పోతది మామీ, నేనేం జెయ్య?" అని ఆ పిల్ల నవ్వేది.

రెండువేల ఇరవై ఒకటి ఫిబ్రవరిలో జబ్బు తగ్గుముఖం పట్టింది, మార్కెట్లు తెరిచారు. అప్పుడే ఊళ్లో ఒక స్కార్ఫుల దుకాణంవాళ్లు ఫోనులో పోటీ పెట్టారు. పేరు ‘హయా రాణి’. హయా అంటే సిగ్గూ, మర్యాదా. ఎవరి స్కార్ఫు వాళ్లే కట్టుకుని ఫొటో పంపాలి, గెలిచినవాళ్లకు కిరీటం. అందం చూడం, కట్టు మాత్రమే చూస్తాం అని రాశారు. కింద నీలి కళ్ల అమ్మాయి బొమ్మ వేశారు. మొహం వదిలేసి గుడ్డను మాత్రమే చూసే జడ్జీలు ఏ దేశంలో ఉంటారో నాకైతే తెలియదు.

హసీనా ససేమిరా అంది. "దాచుకునేదాన్ని పోటీల వెడితే ఇగ దాచినట్టు ఎట్లయితది వదినా? రేపు మొగోళ్లు గుడ చూస్తరు."

"బజార్ల పోతుంటె చూస్తలేరా మొఖం?" అంది జైతూనక్క. "నెత్తి చూస్తేనే గదా నీ బాధ. బట్టలిప్పే పోటీలకు దునియా అంత చప్పట్లు కొడ్తది. కప్పుకునుడు గుడ ఒక పనే, దానికి గుడ చెయ్యి తిరగాలె అని ఒక్కపారి ఎవలన్న అననీ."

ఇద్దరి మాటా నిజమే అనిపించి నాకు ఒళ్లు మండింది. ఏదో ఒక వైపు ఉంటే తిట్టడానికైనా బాగుంటుంది కదా. చివరికి జైతూనక్క హసీనా చేతులు పట్టుకుంది. "నా జిమ్మేదారి. దాని ఒక్క వెంట్రుక పరాయి మొగోని కంట పడ్డా నన్నడుగు." హసీనా ఆ మాట మీదే ఒప్పుకుంది.

ఫొటోలు నా ఫోనులో నేనే తీశాను. జైతూనక్క కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో ఫొటోను వేళ్లతో సాగదీసి కణతల దగ్గర, మెడ దగ్గర వెతికేది. ఒకదాంట్లో చెవి పక్కన దారంలా ఒక్క వెంట్రుక కనిపిస్తే, తన ఎదురుగానే తుడిపించి, తుడిపేశానని నా చేత ఒట్టు పెట్టించింది. నలభై తీస్తే ఒక్కటి మిగిలింది. ముదురాకుపచ్చ స్కార్ఫు, కింద ఆ నవ్వు మొహం. కొన మళ్లీ ఎడమకే దోపి ఉంది. "పరువు తీసినవ్ గదనే" అని జైతూనక్క పంపేదాకా తిడుతూనే ఉంది.

ఆ పోటీ ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత చెప్పే ఓపిక నాకుండదు. రంజాన్ పండగ రోజు ఫలితం వచ్చింది. సుమయ్యకు రెండో స్థానం. కిరీటం పంపడానికి అడ్రసు చెప్పమని ఎవరో అమ్మాయి సంతోషంగా ఫోను చేసింది. హసీనా ఆ ఫోను నా చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయింది. అప్పటికి సుమయ్య పోయి నెల కావస్తోంది.

ఏప్రిల్‌లో జబ్బు మళ్లీ విరుచుకుపడింది. శ్మశానాల దగ్గర అంబులెన్సులు వరస కట్టాయి. హసీనా ఇంట్లో ముగ్గురికీ ఒకేసారి జ్వరం. హసీనా, కొడుకు అర్షద్ ఇంట్లోనే తలుపులేసుకుని ఉండిపోయారు. సుమయ్యకు ఊపిరి అందకపోతే ఆసుపత్రిలో చేర్చారు. లోపలికి ఎవర్నీ రానివ్వలేదు. ఉపవాసాలు మొదలైన మూడో రోజు పొద్దున్నే ఫోను వచ్చింది, అయిపోయిందని.

జైతూనక్క ఆసుపత్రికి వెళితే కిటికీలోంచి ఒక పాలిథిన్ కవర్ ఇచ్చారు. చెప్పులు, చార్జరు, పిన్నీసుల డబ్బీ, రెండు స్కార్ఫులు. సుమయ్యతో వెళ్లినవే రెండు స్కార్ఫులు. ఆక్సిజన్ మాస్కు పట్టీలకు అడ్డం వస్తే తీసేసి ఉంటారు, వాళ్ల తప్పేమీ లేదు. కానీ రెండూ కవర్లోనే ఉంటే ఆ పిల్ల నెత్తి మీద ఏముంది?

తిరిగి వచ్చి తలుపు ఇవతల నుంచి చెబితే హసీనా లోపలి నుంచి ఒకటే అడిగింది. "వదినా, నెత్తి? నువ్వు మాటిచ్చినవ్."

ముస్లిముల్లో శవానికి చుట్టే గుడ్డను కఫన్ అంటారు, ఆడవాళ్ల కఫన్‌కు ఐదు గుడ్డలు. వాటిలో ఒకటి నెత్తికి కప్పే ఓఢ్నీ. బతికున్నప్పుడు కప్పుకున్నామె పోయాక కూడా కప్పుకునే పోతుంది. మామూలు రోజుల్లో ఆడవాళ్లే ఇంట్లో స్నానం చేయించి, ఆడవాళ్లే కప్పుతారు. ఆ నెలలో ఇల్లూ లేదు, స్నానమూ లేదు. ఆసుపత్రి నుంచి సంచిలో వేసి నేరుగా ఖబరస్తాన్‌కు తెచ్చేవారు. పూడ్చేది మగవాళ్లు. జైతూనక్క ఐదు తెల్లగుడ్డలు చంకలో పెట్టుకుని మా ఇంటి ముందు నుంచి నడిచిపోయింది. నన్ను పిలవలేదు, నా వైపు చూడను కూడా లేదు. మా అత్త వద్దని అరుస్తూనే ఉంది, నేను మాస్కు తగిలించుకుని వెనకాలే వెళ్లాను.

ఖబరస్తాన్ గేటు దగ్గర సుమయ్యను తెచ్చిన అంబులెన్సు ఆగి ఉంది, మమ్మల్ని అక్కడే ఆపేశారు. ఆడవాళ్లు లోపలికి పోరు. నెత్తి నుంచి పాదాల దాకా తెల్ల కిట్టు వేసుకున్న ఒకాయన వచ్చాడు. పేరు ఇద్రీస్ భాయ్, బట్టల దుకాణంలో గుమస్తా అట. జబ్బుతో పోయినవాళ్లను పూడ్చే పని ఏడాదిగా ఊరికే చేస్తున్నాడు. ఇద్దరూ మాట్లాడుకున్నది హిందీలోనే.

"సంచి తెరవకూడదు బెహన్. ఇంటివాళ్లు ఆఖరి చూపు చూడటానికి మొహం దాకా జిప్పు తీయొచ్చు, అంతే. ఇక్కడే తీస్తాను, దూరం నుంచి చూడండి."

జైతూనక్క రెండడుగులు ముందుకు వేసింది. అంబులెన్సు చుట్టూ డ్రైవరు, గోతులు తవ్వేవాళ్లు, ఇంకెవరి శవం కోసమో వచ్చినవాళ్లు, అంతా మగవాళ్లే. ఆమె ఆగిపోయింది.

"వద్దు. పిల్ల నెత్తికి ఏం లేదు. గిందరి ముంగట తియ్యకు."

"మళ్లీ చూడలేరు."

"తెల్సు. నాకు చూపెట్టే గా జిప్పు లోపల తియ్యి. చాటుకు, నువ్వొక్కనివే. జర మొఖం తిప్పుకోని గీ ఓఢ్నీ కప్పు. నిన్ను అన్న అనుకుంట. మిగిలిన నాలుగు సంచి మీదనే వెయ్యి."

 ఆయన రెండు జతల గ్లవుజులు వేసుకున్న చేతులు చూపించాడు. ముడి వేయడం ఈ వేళ్లతో కాదు, నాకెప్పుడూ అలవాటు లేదు అన్నాడు. ముడి వద్దు, పిన్నీసూ వద్దు, చుట్టి కొన దోపితే చాలు, చూపిస్తాను అంది జైతూనక్క. చేయి తన స్కార్ఫు దాకా పోయి ఆగింది. పరాయి మగాడి ముందు తన నెత్తి విప్పి ఎలా చూపిస్తుంది? అప్పుడు నా వైపు చూసింది.

నాకు అర్థమైంది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆమె మీద కోపం ముంచుకొచ్చింది. శవం గుడ్డ. ఇంట్లో పచ్చగా మొగుడున్నాడు నాకు, ఊరంతా పిట్టల్లా రాలిపోతోంది. పాపిట్లో కుంకుమ పెట్టుకున్న నెత్తి మీద కఫన్ గుడ్డ కప్పించుకున్నానని తెలిస్తే వెంకటవ్వ బతికినన్నాళ్లూ నన్ను బతకనివ్వదు. జైతూనక్క మాత్రం నోరు తెరిచి అడగలేదు. అడిగి ఉంటే కాదందునేమో.

గేటు పక్కన రాయి మీద కూర్చుని నెత్తి మీది కొంగు తీసేశాను.

ఆమె నా వెనక నిలబడింది. ఇద్రీస్ భాయ్ నా ఎదురుగా నిలబడి చూశాడు. కొత్త గుడ్డ గంజి వాసన వేసింది. నుదుటి మీంచి తెచ్చి, గడ్డం కింద ఒక్క చుట్టు తిప్పి, కొన తీసుకొచ్చి నా కుడి చెవి దగ్గర దోపింది. "కుడి చెవి. యాది పెట్టుకో, కుడి" అంది. రెండోసారి చూపించింది.  విప్పాక చూస్తే నా కుంకుమ కొంచెం ఆ గుడ్డకు అంటింది. గోటితో గీకితే ఇంకా పాకింది. ఇద్రీస్ భాయ్ "ఉండనివ్వండి" అని తీసుకుని లోపలికి వెళ్లాడు.

అరగంటకు వచ్చాడు. అప్పటికే ఇంకో అంబులెన్సు హారన్ కొడుతోంది.

"కప్పిన్రా?" అంది జైతూనక్క.

"కప్పాను. జిప్పు కొంచెమే తీసి, నెత్తి వైపు మోకాళ్ల మీద కూర్చుని, చేత్తో తడుముతూ కప్పాను. వెంట్రుకలన్నీ లోపలికి తోశాను."

"కొన?"

"దోపాను. ఎడమ చెవి దగ్గర."

 రెండుసార్లు కుడి అని చెప్పింది కదా. రోజుకు ఇరవై మందిని పూడ్చే మనిషి, ఇద్దరు ఆడవాళ్ల తృప్తి కోసం నోటికొచ్చింది చెప్పి పంపించేస్తున్నాడు అనుకున్నాను. జైతూనక్క మాత్రం ఆయన చేతులకేసి కాసేపు చూసి, దండం పెట్టినంత పని చేసి, తిరిగి నడవడం మొదలుపెట్టింది.

నాలుగడుగులు పోయాక నేనే ఉండబట్టలేక అన్నాను. "అక్కా, కుడి అంటే ఎడమ అంటడేంది? కప్పిండంటవా అసలు?"

"కప్పిండు. అబద్దం చెప్పేటోడైతే నేను చెప్పినట్టే కుడి అంటుండె. నీ ముంగట నిలబడి చూసిండు గదా, కొన ఆయనకు ఎడమ పక్క కనబడ్డది. ఆడ నెత్తి దిక్కు కూసోని, తన ఎడమ పక్కకే దోపిండు, అది పిల్లకు గుడ ఎడమనే. నిజంగ దోపినోనికే గా తప్పు వస్తది."

హసీనాకు అక్కడి నుంచే ఫోను చేసింది. "ఒక్క వెంట్రుక గుడ కనబడలే. మంచిగ కప్పిన్రు. కొన ఎడమకు దోపిన్రు."

అవతల చాలాసేపు దగ్గు. తర్వాత హసీనా గొంతు నాకు కూడా వినిపించింది. "ఎడమకే? దానికి ఎడమనే అలవాటు వదినా."

జైతూనక్క ఫోను చేతిలో పట్టుకుని రోడ్డు పక్కన కూలబడింది. పొద్దుటి నుంచి ఒక్క చుక్క రాల్చని మనిషి గుండెలు బాదుకుని ఏడ్చింది. "గా ఎడమ కోసం రెండు నెలలు దాన్ని తిడితిని పద్మా. ఊకె తిడితిని" అంది.  పక్కన కూర్చుని, విప్పిన నా కొంగు మళ్లీ నెత్తి మీదికి లాక్కున్నాను.